జిన్నింగు మిల్లులో దెబ్బల లెక్క: గాయాలు, తృటిలో తప్పిన ప్రమాదాలు రాసి పెట్టుకునే పద్ధతి

మార్చిలో సీజన్ ముగిసే నాటికి ఎన్ని క్వింటాళ్ల పత్తి దిగింది, ఎన్ని బేళ్లు కట్టారు, గింజ ఎంత పోయింది అని అడిగితే మిల్లు గుమాస్తా కిలోలతో సహా చెప్తాడు. ఈ ఐదు నెలల్లో ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎన్నిసార్లు వెంట్రుకవాసిలో తప్పింది అని అడిగితే మాత్రం ఎవరి నోటా సరైన అంకె రాదు. వరంగల్, జమ్మికుంట, పరకాల, ఆదిలాబాద్ వైపు నడిచే మధ్యరకం జిన్నింగు మిల్లును (పత్తిలోంచి గింజ తీసి, దూదిని బేళ్లు కట్టే చోటు) మనసులో పెట్టుకుని, ఆ అంకెను నమ్మదగ్గట్టు ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ చెప్తున్నాం. రైస్ మిల్లు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్, సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు నడిపేవాళ్లకూ పద్ధతి ఇదే. మిషిన్ల పేర్లు మార్చుకుంటే చాలు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. రెండు లాంగ్ నోటు పుస్తకాలు, అరకాగితం సైజు చీటీల కట్టలు, ఒక గోడ గడియారం, రోజుకు పావుగంట ఓపికగా కూర్చుని రాసే మనిషి ఒకరు. కంప్యూటరు ఉంటే మంచిదే. అయితే పుస్తకంలో తప్పుగా పడ్డది కంప్యూటరులోకి ఎక్కినంత మాత్రాన ఒప్పయిపోదు.

ఏది దేని కింద రాయాలి

ప్రతి సంఘటననూ ఒకే గడిలో వేయాలి. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ వేస్తే ఏ ఏడాదినీ మరో ఏడాదితో పోల్చలేరు.

ప్రాణం పోయినవి, శాశ్వతంగా అవయవం పోయినవి రెండు వేరు వేరు గడులు. మూడోది పనిరోజు పోయిన గాయం. దెబ్బ తగిలిన షిఫ్టు అయిపోయాక కూడా మనిషి పనికి రాలేకపోతే అది ఇక్కడికి వస్తుంది. నాలుగోది పని మార్చిన గాయం: వచ్చాడు గానీ తన పని చేయలేక గేటు దగ్గరో, తూకం దగ్గరో కూర్చున్నాడు. ఐదోది ప్రథమ చికిత్సతో సరిపోయినది. ఆరోది తృటిలో తప్పినది.

నాలుగో గడి చాలా పుస్తకాల్లో కనిపించదు. అసలు మోసం జరిగేదే అక్కడ. చెయ్యికి కట్టు కట్టిన మనిషిని మర్నాడు ఆటోలో తెచ్చి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, హాజరు వేసి, 'పనిరోజు పోలేదు' అని రాసేస్తారు. తేలిక పని ఇవ్వడం తప్పు కాదు, డాక్టరు ఒప్పుకుంటే కోలుకోవడానికి మంచిది కూడా. దాన్ని దాని గడిలో వేయకపోవడమే తప్పు.

ఆరో గడి దగ్గర కూడా తికమక వస్తుంది. బెల్టుకు గార్డు లేదు, నేల మీద నూనె కారి ఉంది, వైరు తేలి ఉంది: ఇవి లోపాలు. ఏదో ఒకటి కదిలి, పడి, తెగి, అంటుకుని ఎవరికీ తగలకుండా పోతే అది తృటిలో తప్పిన ప్రమాదం. నూనె మీద కాలు జారి స్తంభం పట్టుకుని నిలబడితే ఆరో గడి. నూనె ఒట్టిగా ఉంటే లోపాల జాబితా. రెండింటినీ కలిపితే అంకె పెద్దదవుతుంది గానీ దాంతో ఏం చేయాలో తెలియదు.

చట్టం గీసిన గీతలు వేరే ఉన్నాయి. వాటినీ పుస్తకంలో ఒక నిలువు గడిగా పెట్టుకోండి. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం, గాయపడిన మనిషి ప్రమాదం తర్వాత వరసగా 48 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పని చేయలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు పంపాల్సి ఉండేది. దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చింది. అందులోనూ గీత 48 గంటలే. గనులకు మాత్రం 1952 గనుల చట్టం కింద 72 గంటల గీత ఉండేది. అందుకే కరీంనగర్‌లో ఒకే యజమానికి గ్రానైట్ క్వారీ, పాలిషింగ్ యూనిట్ రెండూ ఉంటే, క్వారీ పాత రికార్డును యూనిట్ పాత రికార్డుతో పక్కపక్కన పెట్టి చూడకూడదు. రెండు రోజులు మంచాన పడి మూడో రోజు పనికి వచ్చిన మనిషి ఒక పుస్తకంలో ఉంటాడు, ఇంకో పుస్తకంలో ఉండడు.

ఇంకో గీతను చాలామంది మర్చిపోతారు. ఎవరికీ చిన్న గీత కూడా పడకపోయినా చెప్పి తీరాల్సిన సంఘటనలున్నాయి. ప్రెషర్ పాత్ర పగలడం, క్రేన్ లేదా హాయిస్టు కూలడం, పేలుడు, మంటలు, కప్పు కూలడం లాంటివి చట్టం దృష్టిలో ప్రమాదకర సంఘటనలు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏం కాలేదని వాటిని ఆరో గడిలో వేసి మూసేస్తే చట్టం తప్పినట్టే. ఉప్పుడు బియ్యం మిల్లుల వాళ్లు బాయిలర్ సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. దాని ప్రమాదం 24 గంటల్లోపు బాయిలర్ల ఇన్‌స్పెక్టర్‌కు చేరాలి.

పనిగంటలు

గాయాల రేటులో పైన గాయాలుంటాయి, కింద పనిగంటలుంటాయి. అందరి కళ్లూ పైనున్న అంకె మీదే ఉంటాయి, లెక్క ఎక్కువగా చెడేది మాత్రం కిందిది. మనుషుల సంఖ్యను 8తో, ఆ తర్వాత 26తో గుణించేసి వచ్చినదాన్ని పనిగంటలు అంటారు. జిన్నింగు మిల్లులో అది కుదరదు. నవంబర్‌లో రెండు షిఫ్టులు నడిచి ఓవర్‌టైమ్ పడుతుంది. సంక్రాంతికి మూడు రోజులు మిల్లు ఖాళీ. మేడారం జాతర వచ్చిన ఏడు ఆ వారమంతా సగం మంది ఉండరు. ధర పడిపోయి రైతులు పత్తి ఇంట్లోనే పెట్టుకుంటే మధ్యాహ్నానికే మిషిన్లు ఆగుతాయి.

అందుకే రోజు పుస్తకంలో ప్రతి షిఫ్టుకూ ఒక వరస రాయండి: తేదీ, షిఫ్టు, మిల్లు మనుషులు ఎంతమంది, నిజంగా పనిచేసిన గంటలు, ఓవర్‌టైమ్ గంటలు, మేస్త్రీ మనుషులు, వాళ్ల గంటలు, హమాలీలు, వాళ్ల గంటలు. సెలవులు, రాని రోజులు కలపొద్దు. మధ్యాహ్నం అన్నం గంటను కలపాలా వద్దా అనేది సీజన్ మొదట్లోనే నిర్ణయించి చివరిదాకా అదే పాటించండి.

చిక్కంతా హమాలీల దగ్గరే. వాళ్లకు కూలి లారీకో, బేలుకో లెక్క. హాజరు పట్టీలో పేరుండదు, గంటలుండవు. దీనికో దారి ఉంది. మూడు రోజుల పాటు గడియారం పట్టుకుని చూడండి. ఒక లారీ పత్తి దించడానికి ఎంతమందికి ఎంతసేపు పట్టింది? ఎనిమిది మందికి గంటన్నర పడితే లారీకి 12 పనిగంటలు. అక్కడి నుంచి గేటు పుస్తకంలో లారీల సంఖ్యను 12తో గుణిస్తే చాలు. బేళ్ల లోడింగుకూ ఇలాగే విడిగా కొలవాలి, ఎందుకంటే 170 కిలోల బేలుతో పని వేరు, వదులు పత్తితో పని వేరు. సీజన్ మధ్యలో ఒకసారి మళ్లీ కొలిచి సరిచూసుకోండి.

మూడు రేట్లు

మన దేశంలో ఈ లెక్కకు ప్రమాణం ఐఎస్ 3786, 1983 నాటిది. దాని ప్రకారం ఫ్రీక్వెన్సీ రేటు అంటే పనిరోజు పోయిన గాయాలను (చావు, శాశ్వత నష్టం కూడా ఇందులో కలుస్తాయి) 10 లక్షలతో గుణించి పనిగంటలతో భాగించడం. సివియారిటీ రేటుకు గాయాల స్థానంలో పోయిన పనిరోజులు పెట్టాలి. ఇన్సిడెన్స్ రేటుకు గాయాలను 1,000తో గుణించి సగటు మనుషుల సంఖ్యతో భాగించాలి.

ఒక ఊహా మిల్లు తీసుకుందాం. మిల్లు మనుషులు 40 మంది, రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు: 8,320 గంటలు. ఓవర్‌టైమ్ 640. హమాలీలు 24 మంది, సగటున 6 గంటలు, 25 రోజులు: 3,600. నెలకు మొత్తం 12,560. ఐదు నెలలూ ఇంతే అనుకుంటే సీజన్‌కు 62,800 పనిగంటలు.

ఆ సీజన్‌లో మూడు గాయాలు. బేలు కట్టే స్టీలు పట్టీ తెగి ముంజేయి కోసుకుపోయింది, 6 రోజులు. లారీ మీంచి జారి హమాలీ చీలమండ బెణికింది, 21 రోజులు. మూడోది చూపుడువేలి చివరి కణుపు పోయింది, మనిషి 34 రోజులకు తిరిగి వచ్చాడు.

ఫ్రీక్వెన్సీ రేటు: 3 × 10,00,000 ÷ 62,800 = 47.8.

ఇప్పుడు ఇదే మిల్లు లెక్కను చెడగొట్టి చూద్దాం. హమాలీల గంటలన్నీ కలిపి, హమాలీ గాయాన్ని మాత్రం 'అది మేస్త్రీ మనిషిది' అని వదిలేస్తే 31.8 వస్తుంది. మూడు గాయాలూ ఉంచి, ఓవర్‌టైమ్, హమాలీ గంటలు మర్చిపోతే 72.1. మిల్లు ఒకటే, సీజన్ ఒకటే, దెబ్బలు తిన్నదీ ఆ ముగ్గురే. పైన ఎవరిని లెక్కించారో కింద వాళ్ల గంటలే ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పితే మిగతా లెక్కంతా దండగే.

సివియారిటీకి వచ్చేసరికి రోజులు లెక్కపెట్టడంలో రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది: దెబ్బ తగిలిన రోజు, తిరిగి పనికి వచ్చిన రోజు లెక్కలోకి రావు. మధ్యలో ఉన్న రోజులన్నీ వస్తాయి, ఆదివారాలూ సెలవులూ మిల్లు మూసిన రోజులూ సహా. మంగళవారం దెబ్బ తగిలి వచ్చే సోమవారం పనికి వస్తే బుధ, గురు, శుక్ర, శని, ఆది: ఐదు రోజులు. ఆదివారం ఎలాగూ పని లేదుగా అని నాలుగు రాయకూడదు.

రెండోది ఇంకా పెద్దది. చావుకు, పూర్తి శాశ్వత వైకల్యానికి ప్రమాణం 6,000 రోజులు వేస్తుంది. పాక్షిక శాశ్వత నష్టానికి సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో ఆ శాతం మేరకు రోజులు వేయాలి, మనిషి ఎన్నాళ్లకు తిరిగి వచ్చాడన్నదానితో సంబంధం లేదు. కార్మికుల నష్టపరిహారం పట్టికలో చూపుడువేలు ఒక కణుపు పోతే 9 శాతం. 6,000లో 9 శాతం 540 రోజులు. పై ఉదాహరణలో మొత్తం 6 + 21 + 540 = 567 రోజులు, సివియారిటీ రేటు 9,029. ఆ 540 బదులు 34 వేస్తే రేటు 971కి పడిపోతుంది. అంటే ఒక మనిషి వేలు ఎప్పటికీ లేకుండా పోయిన సంగతి లెక్కలోంచి మాయమైపోయింది. ఆ వేలితో పత్తి ముడి విప్పినవాడికి, బిడ్డకు అన్నం కలిపి పెట్టినవాడికి అది 34 రోజులతో తీరే నష్టం కాదు. ప్రమాణం 540 వేయమన్నది అందుకే.

ఇన్సిడెన్స్ రేటును సీజన్ మిల్లులు పక్కన పెట్టడమే మేలు. సీజన్‌లో ఉండే 64 మందితో భాగిస్తే 46.9 వస్తుంది. ఏడాది సగటు మనుషులతో, అంటే మిగతా ఏడు నెలలు ఉండే ఎనిమిది మంది వాచ్‌మెన్లను, ఫిట్టర్లను కలిపి భాగిస్తే 96 దాకా వెళ్తుంది. ఏడాది పొడవునా నడిచే స్పిన్నింగు మిల్లుకు అది పనికొస్తుంది. గీసుగొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు లాంటి చోట్ల విదేశీ కొనుగోలుదారుల ఆడిటర్లు అమెరికా పద్ధతిలో 2 లక్షల గంటల మీద రేటు అడగొచ్చు. పది లక్షల మీద వచ్చిన రేటును 5తో భాగిస్తే అది వస్తుంది. మన 47.8 అక్కడ 9.6. అంకె చిన్నగా కనిపించిందని సంబరపడొద్దు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, అమెరికా వాళ్ల మొత్తం రేటులో పని మార్చిన గాయాలు, ప్రథమ చికిత్స దాటి వైద్యం అవసరమైన గాయాలు కూడా కలుస్తాయి. ఏది అడుగుతున్నారో కాగితం మీద రాయించుకున్నాకే అంకె ఇవ్వండి.

సున్నా వచ్చిన సీజన్

62,800 గంటల మిల్లులో ఒక్క గాయం అటూ ఇటూ అయితే రేటు దాదాపు 16 మారిపోతుంది. పోయిన సీజన్ మూడు, ఈ సీజన్ రెండు అయితే భద్రత మెరుగైందని చెప్పడానికి లేదు. అంత చిన్న అంకెలు వాటంతటవే ఊగుతుంటాయి. మూడు గాయాలు వచ్చిన సీజన్‌కు, నిజమైన రేటు 10 నుంచి 140 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని గణితం చెప్తుంది.

సున్నా మరీ మోసకారి. సగటున సీజన్‌కు మూడు గాయాలు అయ్యేంత ప్రమాదం ఉన్న మిల్లులో కూడా, ఏ మార్పూ చేయకపోయినా, ఇరవై సీజన్లలో ఒకటి సున్నాగా వెళ్లిపోతుంది. కాబట్టి సున్నా చూసి 'మన మిల్లులో ఏం కాదు' అనుకోవడానికి ఆధారం లేదు. గాయాల రేటును మూడు సీజన్లు కలిపి, అంటే మూడేళ్ల గాయాలను మూడేళ్ల గంటలతో భాగించి చూడండి. ఏటేటా ఒక సీజన్ వదిలి ఒక సీజన్ కలుపుకుంటూ పొండి.

గోడ మీద 'ప్రమాదం లేని 100 రోజులు' బోర్డు పెట్టి, వందో రోజు అందరికీ బోనస్ ఇచ్చే అలవాటును మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తాం. తొంభై ఏడో రోజు వేలు నలిగినవాడు చెయ్యి జేబులో పెట్టుకుని ఇంటికి పోతాడు. తన వల్ల నలభై మంది పైసలు పోయాయన్న మాట పడటం కన్నా నొప్పి ఓర్చుకోవడమే నయమనుకుంటాడు. ఆ బోర్డు గాయాలను తగ్గించదు, గాయాల మాటను మింగేస్తుంది.

తృటిలో తప్పినవి రాయించడం

గాయాలు తక్కువ కాబట్టి వాటితో తెలిసేది తక్కువ. 'జర్రుంటే చెయ్యి పోతుండె' అని షిఫ్టు మారేటప్పుడు టీ దగ్గర చెప్పుకునే మాటలు మాత్రం వారానికి పది ఉంటాయి. ఆ మాట కాగితం మీదికి రావాలి.

చీటీ అరకాగితానికి మించకూడదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మిషిన్ నంబరు, ఏం జరిగింది, మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఎందుకు తప్పింది, అప్పటికప్పుడు ఏం చేశారు. పేరు రాయాలా వద్దా అన్నది రాసేవాడి ఇష్టం. తెలుగులో ఒకవైపు, హిందీలో రెండోవైపు అచ్చు వేయండి, బీహార్, ఒడిశా నుంచి వచ్చిన మనుషులు కూడా రాయాలి కదా. చదువు రానివాళ్లు ఫోన్‌లో మాట రికార్డు చేసి ఒక నంబరుకు పంపితే గుమాస్తా చీటీలోకి ఎక్కిస్తాడు. అందరూ ఉన్న గ్రూపులో పెట్టమనొద్దు, నలుగురిలో నవ్వులపాలవుతామని ఎవరూ పెట్టరు. పెట్టెను సూపర్‌వైజర్ గది ముందు పెట్టొద్దు. నీళ్ల కుండ దగ్గరో, సైకిళ్ల షెడ్డులోనో పెట్టండి.

ఒక చీటీని దగ్గరగా చూద్దాం. ఇలాంటివి మామూలుగా వస్తాయి: 'కార్మికుడి అజాగ్రత్త. మందలించాం.' దీంట్లో కొలవడానికి ఏమీ లేదు, బాగు చేయడానికీ ఏమీ లేదు. అదే సంఘటన పనిచేసే మనిషి మాటల్లో ఇలా ఉండాలి: 'రాత్రి షిఫ్టు, 2:40. 7వ జిన్. బీటర్ దగ్గర పత్తి ఇరికింది. మిషిన్ నడుస్తుండంగనే చేత్తోని గుంజిన. చొక్క చెయ్యి పట్టుకున్నది, చినిగి బయటపడ్డ. గార్డుకు రెండు బోల్టులు లెవ్వు, పక్కకు జరిగి ఉన్నది. మిషిన్ బంద్ జేస్తే మళ్ల సురువు చెయ్యనీకి ఎలక్ట్రీషియన్ రావాలె, రాత్రి ఉండడు.'

ఈ ఏడు వాక్యాల్లో నాలుగు పనులున్నాయి. రెండు బోల్టులు బిగించాలి. ఆపిన జిన్‌ను ఆపరేటరే మళ్లీ స్టార్ట్ చేసుకునేలా స్టార్టర్ పెట్టాలి, అయితే లోపల చెయ్యి పెట్టేటప్పుడు కరెంటు తెంచే ఐసోలేటర్‌కు తాళం వేసి తాళంచెవి అతని జేబులోనే ఉండాలి. ఇరికిన పత్తి లాగడానికి కొక్కెం కర్ర ఇవ్వాలి. వదులు చేతుల చొక్కా జిన్ల దగ్గర వద్దు. అతను చెయ్యి ఎందుకు పెట్టాడో చివరి వాక్యమే చెప్తోంది: మిషిన్ ఆపితే తెల్లారే దాకా ఆగిపోతుంది, తిట్లు పడతాయి. మందలిస్తే ఈ వాక్యం ఎప్పటికీ బయటికి రాదు. చీటీ రాసినవాడిని, అందులో తన తప్పే ఒప్పుకున్నా సరే, శిక్షించబోమని యజమాని అందరి ముందు చెప్పాలి, చెప్పినట్టే నిలబడాలి. ఒక్కసారి మాట తప్పితే ఆ సీజన్‌కు పెట్టె ఖాళీ.

వచ్చిన చీటీని అదే రోజు బరువు చూసి అక్షరం వేయండి. మనిషి ఒక అడుగు ఇటు నిలబడి ఉంటే ఏమయ్యేది? ప్రాణమో అవయవమో పోయేదైతే 'అ'. 48 గంటలు దాటి మంచాన పడేవాడైతే 'ఆ'. పట్టీ వేస్తే సరిపోయేదైతే 'ఇ'. పై చీటీ 'అ'. బేలు పట్టీ తెగి మొహం పక్కనుంచి పోయినదీ 'అ', కన్ను పోయేది కాబట్టి. పేర్చిన వరసలోంచి బేలు దొర్లితే అదీ 'అ'. 'అ' వచ్చిన మిషిన్ బాగయ్యేదాకా నడవకూడదు. 'ఆ'కు వారం గడువు, 'ఇ'కి నెల.

ఒక పెద్ద గాయానికి ఇన్ని చిన్న గాయాలు, ఇన్ని చిన్న గాయాలకు మూడు వందల తృటిలో తప్పినవి అని త్రికోణం బొమ్మ కొన్ని ఫ్యాక్టరీల గోడల మీద కనిపిస్తుంది. ఆ నిష్పత్తిని మీ మిల్లుకు తగిలించి 'మూడు వందలు రావాలి' అని లక్ష్యం పెట్టొద్దు. లక్ష్యం పెడితే చీటీలు వస్తాయి, 'నేల మీద దూది ఉంది' అని రాసినవే వస్తాయి. చీటీకి ఇంత అని పైసలిచ్చినా అదే జరుగుతుంది. ఇవ్వాలనిపిస్తే, చీటీ వల్ల నిజంగా బాగైన పని గురించి నెలకోసారి అందరిలో ఆ మనిషిని మెచ్చుకోండి.

చీటీల మొత్తం కన్నా అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడటం ముఖ్యం. 10,000 పనిగంటలకు ఎన్ని అని షిఫ్టు వారీగా, విభాగం వారీగా విడదీయండి. పగటి షిఫ్టు నుంచి పది, రాత్రి షిఫ్టు నుంచి ఒకటి వస్తే రాత్రి పని సురక్షితమని కాదు, రాత్రి రాసేవాళ్లు లేరని. మొదటి సీజన్‌లో చీటీలు పెరిగితే కంగారుపడొద్దు. పెరగాలి కూడా. రెండో సీజన్ నుంచి 'అ' చీటీల వాటా ఎటు పోతోందో గమనించండి.

నిప్పు పుస్తకం

జిన్నింగు మిల్లుకు ఈ ఒక్కటీ విడిగా పెట్టుకోవాలి. పత్తిలో వచ్చిన రాయి, బోల్టు, తీగ ముక్క బీటర్‌కు తగిలి నిప్పురవ్వ లేస్తుంది. సక్షన్ పైపులోంచి అది కుప్పలోకి పోతుంది. ఎవరో చూసి బకెట్ నీళ్లు పోస్తారు, పని మళ్లీ మొదలవుతుంది. రోజూ చూసేది కాబట్టి అది సంఘటన అన్న ఊహే రాదు. కానీ ఆ బకెట్ నీళ్లకూ మిల్లు కాలిపోవడానికీ మధ్య తేడా, ఆ నిమిషంలో ఎవరో అటువైపు చూడటమే.

చేతి వెడల్పంత కాలినా రాయండి: సమయం, ఏ జిన్ లేదా ఏ పైపు, ఎవరు ముందు చూశారు, చూసేసరికి ఎంత అంటుకుంది, ఏంతో ఆర్పారు, తర్వాత వెతికితే ఏం దొరికింది. దొరికిన రాయిని, బోల్టును తేదీ చీటీ కట్టి డబ్బాలో వేయండి. నెలాఖరుకు ఆ డబ్బా చూస్తే సమస్య పొలం నుంచి వస్తోందో, మిల్లులోనే ఊడుతున్న బోల్టుల నుంచి వస్తోందో తెలిసిపోతుంది. ఒకే పరిమాణం బోల్టులు పడుతుంటే ఫిట్టర్‌కు చూపించండి, ఏ మిషిన్‌దో అతను చూడగానే చెప్తాడు. బయటి నుంచి వచ్చినవైతే పత్తి పోసే చోట ఇనుప ముక్కలు పట్టే అయస్కాంతం, రాళ్లు పట్టే గాడి శుభ్రంగా ఉన్నాయో లేదో చూడాలి.

నిప్పు పడిన గంటలో కట్టిన బేళ్ల నంబర్లు కూడా రాయండి. బేలు లోపల చిక్కిన నిప్పు గాలి అందక రోజుల తరబడి రాజుకుంటూ ఉండి, గోదాములో బయటపడుతుంది. ఆ నంబర్ల బేళ్లను గోదాముకు పంపకుండా ఆరుబయట దూరంగా, విడివిడిగా ఉంచి కాపలా పెట్టాలి.

దాగినవి వెతకడం

గాయాల పుస్తకం నిజమా అని నెలకోసారి ఇతర కాగితాలతో పోల్చాలి. అన్నిటికన్నా బాగా పట్టిచ్చేది చిల్లర ఖర్చుల వోచర్లు. 'ఆర్ఎంపీకి 300', 'ఎంజీఎంకు (వరంగల్ పెద్దాసుపత్రికి) ఆటో', 'టీటీ ఇంజెక్షన్' అని రాసిన ప్రతి వోచరుకూ పుస్తకంలో ఒక వరస ఉండాలి. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో గాజుగుడ్డ, అయోడిన్ ఎంత తరిగింది? హాజరు పట్టీలో ఉన్నట్టుండి నాలుగు రోజులు రానివాళ్లు ఎవరు? వాళ్ల ఇంటికి ఫోన్ చేసి 'ఆరోగ్యం ఎట్లున్నది' అని అడగండి, చాలు. మేస్త్రీని కూడా అడగాలి. తన మనిషికి దెబ్బ తగిలితే గుత్త పోతుందన్న భయంతో అతను దాస్తాడు, ఆ భయం తీర్చాల్సింది యజమానే.

స్పిన్నింగు మిల్లు, కెమికల్ యూనిట్ లాంటి ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉన్న చోట దాని యాక్సిడెంట్ బుక్కుతో కూడా సరిచూడొచ్చు. ఒట్టి జిన్నింగు, ప్రెస్సింగే చేసే మిల్లులు సీజన్ ఫ్యాక్టరీలుగా ఈఎస్ఐ బయట ఉంటాయి. అక్కడ దెబ్బ తిన్నవాడి పరిహారం నేరుగా యజమాని మీదే పడుతుంది. మీ పుస్తకమే అతనికి సాక్ష్యం. అది సరిగా లేకపోతే తన మాట నిరూపించుకోవడం అతనికి కష్టమవుతుంది.

పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్, మగ్గాల చప్పుడుకు చెవులు మొద్దుబారడం ఈ రేట్లలోకి రావు, ఏళ్ల మీద వచ్చేవి కాబట్టి. వాటికి విడి పుస్తకం కావాలి. సెలవు తర్వాత పనికి వచ్చిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టుందని ఎవరన్నా అంటే ఆ మాటను తేదీతో రాసి డాక్టరుకు చూపించండి. పత్తి దుమ్ము జబ్బుకు అది తొలి గుర్తు.

నెలాఖరు పేజీ

ఒకే పేజీ రాయండి. పనిగంటలు, గడుల వారీగా గాయాలు, పోయిన రోజులు, 'అ ఆ ఇ' చీటీలు షిఫ్టు వారీగా, నిప్పులు, గడువులోపల బాగైనవి ఎన్ని, కానివి ఎన్ని, ఎందుకు కాలేదు. బాగైంది అని రాసేముందు బాగు చేసినవాడు కాకుండా ఇంకొకరు వెళ్లి చూసి సంతకం పెట్టాలి. 'జాగ్రత్త చెప్పాం', 'బోర్డు పెట్టాం' అన్నవాటిని విడిగా లెక్కపెట్టండి. నెలలో సగానికి పైగా చర్యలు అవే అయితే, మిల్లులో బోల్టు కూడా కదల్లేదని అర్థం. పేజీని షిఫ్టు మారే సమయంలో గట్టిగా చదివి వినిపించండి, తెలుగులో, తర్వాత హిందీలో.

మార్చిలో చీటీలన్నిటినీ మిషిన్ నంబరు వారీగా కట్టలు కట్టి ఫిట్టర్‌కు ఇవ్వండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా జరిగే ఓవర్‌హాలింగ్‌కు అదే పని జాబితా. రోలర్లు మార్చడం ఎలాగూ చేస్తారు, గార్డులు, స్టాప్ బటన్లు, పట్టీ బిగించే టూలు కూడా అందులోకి రావాలి. దసరా ముందు ట్రయల్ నడిపే రోజు ఆ కట్టలు చేత పట్టుకుని ఒక్కో జిన్ ముందు నిలబడి, చీటీ చదువుతూ, గార్డును చేత్తో కదిపి చూడండి. 7వ జిన్ దగ్గర రెండు బోల్టులూ బిగిసి ఉన్నాయా, రాత్రి షిఫ్టు మనిషి తానే మిషిన్ ఆపి, తానే మళ్లీ నడపగలడా అన్నది అతని చేతనే చేయించి చూసి, ఆ తర్వాతే చీటీ మీద చివరి సంతకం పెట్టండి.